ఇలారయ్య గారి ఇంటిపేర్లు

ఏంటే దుర్గాశ్రీ, ఆ కాగితంలో చుట్టుకొచ్చావ్? భీమవరంలో కొన్నావా? టాకోనా? ఇలా పట్రా, చూద్దాం. ఆఁ, మొక్కజొన్న రొట్టె మడతెట్టి లోపల కూర కుక్కాడు, అంతేగా. ఎందుకే ఆ నవ్వు? "నాయనమ్మా, అది మెక్సికో వంట, నీకేం తెలుసు" అనా? ఓసి పిచ్చి మొహమా, మీ నాన్న పుట్టకముందే ఈ రొట్టె నేను మనింటి పెరటి గుమ్మం దగ్గర నిలబడి తిన్నాను. ఇలా పెళుసుగా లేదు, మెత్తగా, చేతిలో వెచ్చగా ఉండేది. ఎవరు చేశారంటే ఏం చెప్పను, ఇలారయ్య గారు చేశారు. అదిగో, ఆ పేరు ఈ ఇంట్లో పలికి ఎన్నాళ్ళయిందో! కూర్చో, చెప్తాను. ముందా ఫోను పక్కనెట్టు.

అరవై ఏడో సంవత్సరం. గోదారి పుష్కరాలు అయిన వెనకాలే. నాకు పందొమ్మిదేళ్ళు, ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఆర్నెల్లు. నా పుట్టిల్లు సఖినేటిపల్లి, తెలుసుగా, నరసాపురం రేవులో పంటెక్కితే అవతల ఒడ్డే. ఒడ్డు మారితే ఏంటంటావు, మా అత్తగారు పెద్దింట్లమ్మ గారికి అదే పెద్ద దేశం. నేను పులుసు పెడితే "తూర్పోళ్ళు ఇంతేనమ్మా, బెల్లం వెయ్యడానికి చెయ్యి రాదు" అనేది. సరే, అది కాదు నేను చెప్పేది. ఆ రోజుల్లో అమెరికా నుంచి కుర్రాళ్ళని పంపేవారు, పీస్ కోర్ అనో ఏదో అనేవారు, ఊళ్ళల్లో రెండేళ్ళు ఉండి కోళ్ళు ఎలా పెంచాలో నేర్పడానికి. తెల్ల లెగారన్ కోళ్ళు, రోజుకో గుడ్డు పెట్టేవి. మా మావయ్యగారు అచ్చిబాబు గారు అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. "అమెరికా దొర మనింట్లోనే ఉంటాడు" అని పడమటి గది సున్నం కొట్టించి, కొత్త మంచం నేయించి, ఊరంతా చెప్పుకున్నారు. వచ్చే రోజున మేళం పెట్టించారు. బంతిపూల దండ కూడా, ఇంత లావుది.

జీపొచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఒకాయన దిగాడు. ఆరడుగులు, ఎర్రటి మొహం, పచ్చటి జుట్టు. ఇంకేం, మేళం మోగింది, మావయ్యగారు దండేశారు, బుల్లియ్య గారని ఊళ్ళో ఇంకో పెద్దాయన ఇంగ్లీషులో ఏదో చదివాడు. వెనక సీట్లోంచి ఇంకో కుర్రాడు దిగి నిలబడ్డాడు. చామనఛాయ, నల్లటి జుట్టు, సన్నగా మీసం. మన పాలేరు పోతురాజు కొడుకులాగే ఉన్నాడు అచ్చం. మావయ్యగారు అతని వంక చూసి, "ఒరే అబ్బీ, ఆ పెట్టె దించు" అన్నారు. అతను తెలుగులో "అలాగేనండి" అన్నాడు! ట్రైనింగులో నేర్పారట. దాంతో ఇంకెవరికి అనుమానమొస్తాది? పెట్టె దించి అరుగు మీద పెట్టాడు. అప్పుడా తెల్లాయన, టామ్ అని ఆయన పేరు, దండ తీసి చేత్తో పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, "నేను కాదండి. నేను రాజోలు వెళ్ళాలి. మీ మనిషి... ఆయన" అన్నాడు. మేళం ఆగిపోయింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను, మావయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతిథిని పట్టుకుని ఒరే అన్నానే అని. ఆ సాయంత్రం పడమటి గదికి తనే వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిపోయిందండి బాబూ" అన్నారు. అతనేమో, "పర్లేదండి, నాకు అలవాటే" అన్నాడట. ఆ అలవాటే అన్న మాట మావయ్యగారికి మూడు రోజులు అన్నం దిగనివ్వలేదు.

పేరేంటంటే లారీ అన్నాడు. ఇంకేముంది! పిల్లలు వెనకాల పడి "లారీ లారీ, హారన్ కొట్టు" అనేవారు. మా అత్తగారు నాలుగు రోజులు చూసి, ఐదో రోజున అన్నం వడ్డిస్తూ అడిగేసింది. "ఏం నాయనా, మనిషికి లారీ అని పేరేంటి? మీ అమ్మ అలాగే పిలుస్తాదా?" అంది. అతను తల దించుకున్నాడు. "లేదండి. బళ్ళో పంతులమ్మ పెట్టింది. నా పేరు ఆవిడకి నోరు తిరగలేదు" అన్నాడు. "మరి మీ అమ్మేమని పిలుస్తాది?" అంటే చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చుని, ఏదో దాచుకున్న వస్తువు తీసినట్టు, "ఇలారియో" అన్నాడు. మా అత్తగారు "ఇలారయ్య. బంగారంలా ఉంది కదా పేరు! దీనికి నోరు తిరక్కపోడమేంటి, ఆవిడ నోరెలాంటిది?" అంది. ఆ పూట నుంచి మనింట్లో ఆయన ఇలారయ్య. ఊళ్ళోనూ అదే అయిపోయింది. కానీ ఆయన మాత్రం ఎవరైనా ఆఫీసరొస్తే "లారీ, టెక్సాస్" అనే చెప్పేవాడు. గొంతు కూడా మారిపోయేది, బిర్రబిగుసుకుపోయినట్టు.

పని మాత్రం, అబ్బో. చొక్కా విప్పి కోళ్ళ షెడ్డుకి తాటాకు తనే కప్పేవాడు, ఊకలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల్ని ఏరేవాడు. పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తినేవాడు, మన మగాళ్ళే నోరు తెరిచి చూసేవారు. అక్కడే వచ్చింది గొడవ. బుల్లియ్య గారు అరుగుల మీద మొదలెట్టారు, "అమెరికావోడు పచ్చిమిరపకాయ తింటాడా? రంగు చూశారా? మనకి నకిలీ సరుకు అంటగట్టారు. రాజోలోళ్ళకి అసలోణ్ణి ఇచ్చారు, ప్రెసిడెంటు గారు నోరెత్తరేంటి?" అని. చెప్పీ చెప్పీ ఓ పాతికమంది చేత సంతకాలు పెట్టించి బ్లాకాఫీసుకి అర్జీ పంపాడు. మాకు అసలు అమెరికావోణ్ణి ఇప్పించగలరు అని. నవ్వకే, నిజం. ఆ అర్జీ సంగతి ఇలారయ్య గారికీ తెలిసింది. ఆ వారమంతా గుడ్లు లెక్కేసుకుంటూ ఉండిపోయాడు.

ఎక్కడున్నాను? ఆఁ, రొట్టె. ఓ రోజు మా అత్తగారు పెరట్లో సన్నికల్లు మీద కారం నూరుతోంది. అతను షెడ్డులోంచి వస్తూ నిలబడిపోయాడు. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని, ఆ రాయి మీద చెయ్యేసి, "మా అమ్మమ్మకీ ఇదే రాయి ఉందండి. కాళ్ళుంటాయి దానికి" అన్నాడు. మర్నాడు కోళ్ళ మేతకి తెచ్చిన మొక్కజొన్న గింజలు దోసెడు కడిగి, సున్నపు నీళ్ళలో ఉడకపెట్టాడు. మా అత్తగారు "అయ్యో అయ్యో, తమలపాకుల్లోకి వాడే సున్నం, పేగులు కాలిపోతాయిరా నాయనా" అని ఒకటే గోల. అతను వినలేదు. నానబెట్టి, తొక్కంతా చేత్తో నులిమి కడిగేసి, సన్నికల్లు మీద నూరి, చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొట్టి రొట్టెలు చేసి పెనం మీద వేశాడు. మొదటిది సరిగా రాలేదు, రెండోది చిరిగింది. "ఆడవాళ్ళ పని, నేను చూడ్డమే కానీ చెయ్యలేదు" అన్నాడు. మూడోది పొంగింది. అందులో మా అత్తగారి వంకాయ కూర పెట్టి చుట్టి ఆవిడకే ముందిచ్చాడు. నేను గుమ్మం అవతల నిలబడి తిన్నాను. అత్తగారు నమిలి నమిలి, "కోళ్ళకి వేసే గింజల్లో ఇంత రుచుందా" అంది. అతను నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పొయ్యి పొగ అనుకున్నాను.

అప్పుడు చెప్పాడు. వర్షం మొదలైంది, ముగ్గురం పెరటి వసారాలో ఇరుక్కుపోయాం. నేను లేసు అల్లుకుంటున్నాను, నాకు కాదు చెప్పింది, మా అత్తగారికి. వాళ్ళ ఊరు ఒక పెద్ద నది ఒడ్డునట. నదికి ఇవతల అమెరికా, అవతల మెక్సికో. అమ్మమ్మ వాళ్ళది అవతల ఒడ్డు. వాళ్ళమ్మ ఇవతలకొచ్చి పంపరపనాసల్లాంటి కాయలు ఏరి పెట్టెల్లో సర్దే పని చేసేది. ఇంట్లో మాట్లాడేది వేరే భాష, ఇస్పానిషు. బళ్ళో ఆ మాట నోట్లోంచి వస్తే పంతులమ్మ చెక్కతో కొట్టేది. "ఏడేళ్ళప్పుడు మానేశానండి. ఇంట్లో అమ్మ ఆ భాషలో అడిగేది, నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. అమ్మకి అర్థమయ్యేది కాదు" అన్నాడు. ఇంకా అన్నాడు. పెద్ద చదువు పూర్తయి పట్టా ఇచ్చే రోజున వాళ్ళమ్మ పనిలోంచి సరాసరి వచ్చిందట, తను అల్లుకున్న తెల్ల శాలువా కప్పుకుని. అతని స్నేహితుడు ఒక తెల్లవాళ్ళ పిల్లాడట, ఆ పిల్లాడి తల్లి అడిగిందట, ఈవిడెవరు అని. "మా ఇంట్లో పనిచేసే ఆవిడ అని చెప్పానండి" అన్నాడు. "అమ్మకి ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాను. ఆ మాత్రం వచ్చు. నవ్వి, ఆవిడకి నమస్కారం పెట్టి, నా పట్టా మోసుకుని వెనకాలే నడిచింది."

వాన పడుతూనే ఉంది. మా అత్తగారు ఓదార్చే మనిషి కాదు. "తప్పే చేశావ్ నాయనా" అంది. అంతే. ఆ వెనకే, "ఉత్తరాలు రాస్తున్నావా?" అంది. "చెల్లెలికి ఇంగ్లీషులో రాస్తాను, అది అమ్మకి చెప్తాది." "నీ తప్పు నీ చెల్లెలు చెప్తాదా? మీ అమ్మకే రాయి." "ఆ భాషలో రాయడం రాదండి, చెవికి వచ్చు, చేతికి రాదు." మా అత్తగారికి ఓనమాలు రావు, అయినా ఎంత ధీమాగా అందో, "నోటికొచ్చినట్టు రాయి. అమ్మేగా, చదూకుంటాది." అతను చూరు నీళ్ళ కింద చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. నాకు మాత్రం ఆ వేళ పంటి కింద రాయి పడ్డట్టయింది. అంతకు ముందు నెల్లో మా నాన్న చూడ్డానికొస్తే, నలుగురిలో ఆయన తూర్పు యాసకి సిగ్గుపడి లోపలే ఉండిపోయానే నేను! అది ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

ఆ వేసవిలో షెడ్లు ప్రారంభించడానికి పెద్దాఫీసరు వచ్చాడు. బడి దగ్గర షామియానా వేశారు. టామ్‌ని కూడా రాజోలు నుంచి తీసుకొచ్చారు. బుల్లియ్య గారు ఊరుకుంటాడా, లేచి, "అయ్యా, మా అర్జీ సంగతేంటండి?" అన్నాడు. ఆఫీసరుకి నవ్వొచ్చింది. "ఇదిగో, ఈయనా అమెరికనే. ఏం మిస్టర్ లారీ, మీరే చెప్పండి, మీది ఒరిజినల్‌గా ఏ దేశం?" అన్నాడు మైకు ఇస్తూ. ఒరిజినల్‌గా అన్న మాటకి జనం గొల్లుమన్నారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను, అత్తగారి పక్కన. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అతను మైకు అందుకున్నాడు. లారీ, టెక్సాస్ అంటాడనే అనుకున్నాను. ముందు వాళ్ళ ఇస్పానిషులో ఏదో నాలుగు ముక్కలు అన్నాడు, మెల్లిగా, తడుముకుంటూ. ఎవరికీ అర్థం కాలేదు, టామ్ కూడా వింతగా చూశాడు. తరవాత తెలుగులో, "నా పేరు ఇలారియో అండి. మా వైపు ఇంటిపేర్లు రెండు ఉంటాయి. నాన్నది కవాసోస్. అమ్మది లూనా, అంటే చంద్రుడు. మా అమ్మ కాయలు పెట్టెల్లో సర్దుతాది. మా అమ్మమ్మ ఊరు నది అవతల, మెక్సికోలో. నేను పుట్టింది ఇవతల. మా ఊళ్ళో నన్ను మెక్సికోవోడు అంటారు. అమ్మమ్మ ఊరెళ్తే అమెరికావోడు వచ్చాడంటారు. ఇక్కడ మీరు నకిలీ అంటున్నారు. నేను మెక్సికో మనిషినండి, అమెరికా మనిషినండి" అన్నాడు. ఆఫీసరు సర్దేద్దామని, "అంటే సగం సగం అన్నమాట" అన్నాడు. అతను వెంటనే, "మీకు అమ్మగారు సగం, నాన్నగారు సగమా అండి?" అన్నాడు. కోపంగా కాదే, నిజంగా తెలీక అడిగినట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నువ్వు చూసే సినిమాల్లో అయితే కొడతారు. అప్పుడు మా అత్తగారు, జన్మలో సభలో నోరెత్తని మనిషి, కూర్చున్న చోటు నుంచే అరిచింది. "బుల్లియ్య గారూ! మీ అమ్మగారిది అంతర్వేది కదా! రేవు దాటి వచ్చినావిడ కడుపున పుట్టారు, మీ మీద అర్జీ ఎవరు పెట్టాలండి?" అని. ఇంక చూడు, నవ్వులు. బుల్లియ్య గారు కూడా నవ్వేశాడు, పాపం చెడ్డవాడు కాదు, ఉడుకుమోతుతనం అంతే. తరవాత ఆయనే రెండు వందల కోళ్ళు పెట్టాడు, ఇలారయ్య గారిని సైకిలు వెనకాల ఎక్కించుకుని షెడ్డుకి తీసుకెళ్ళేవాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. రాసి చింపడం, రాసి చింపడం. ఒక్కో మాట నోట్లో పలుక్కుని చూసేవాడు, ఎలా రాయాలా అని. సాయంత్రానికి ఒకటిన్నర పేజీ అయింది. నా దగ్గరికొచ్చి, రెండు గజాల దూరంలో నిలబడి, "చెల్లమ్మా, మా అమ్మ కూడా ఇలాగే అల్లుతాది. ఒక ముక్క ఇస్తావా, పంపుతాను" అన్నాడు. నేను అల్లుతున్న లేసులో మంచి పువ్వు ఒకటి కత్తిరించి ఇచ్చాను. ఏడు వారాలకి జవాబొచ్చింది. ఆయన కవరు విప్పకుండా రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు, మా అత్తగారు గద్దిస్తే విప్పాడు. ముందు వాళ్ళ భాషలో చదివాడు, తరవాత మాకు తెలుగులో చెప్పాడు. "తప్పులు చాలా ఉన్నాయి నాయనా, ఇంకా రాస్తూ ఉండు. ఆ రోజు నాకు గుర్తుంది. ఆ శాలువా ఇంకా కప్పుకుంటున్నాను. ఆ పువ్వు అల్లిన అమ్మాయికి దీవెనలు చెప్పు, దారం మా దానికన్నా సన్నం." మా అత్తగారు, "ఆ మొదట చదివావే, అలా ఇంకోసారి చదువు" అంది. మనకి అర్థం కావద్దూ అని నేనంటే, "కాకపోతేనేం, ఆవిడ గొంతులా ఉంది" అంది.

అరవై తొమ్మిదిలో వెళ్ళిపోయాడు. నరసాపురంలో రైలెక్కించాం, మావయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు, అప్పటికి మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళోనే బళ్ళో పంతులయ్యాడట. పిల్లలు ఏ భాషలో మాట్లాడినా ఊరుకునేవాడట, కాదు, రెంటిలోనూ జవాబు చెప్పమనేవాడట. లారీ అన్న పేరు కాగితాల్లోంచి తీయించేసి, రెండు ఇంటిపేర్లూ వేసుకున్నాడు. ఏడాదికో రెండేళ్ళకో ఉత్తరం రాసేవాడు. మా అత్తగారు పోయినప్పుడు మీ తాతయ్య కబురు రాస్తే, తెలుగులో జవాబొచ్చింది, వంకర అక్షరాలు, ఒత్తులన్నీ తప్పు. మళ్ళీ రాలేదు ఇటువైపు. వస్తానంటూనే ఉండేవాడు.

రెండు వేల మూడు పుష్కరాలప్పుడు వాళ్ళ అమ్మాయి దగ్గర్నుంచి కవరొచ్చింది. నాన్న పోయారని. మెదడులో రక్తం గడ్డకట్టి మూడు వారాలు మంచాన పడ్డాడట. ముందు ఇంగ్లీషు పోయిందట. అమ్మతో మాట్లాడినట్టు ఇస్పానిషులోనే మాట్లాడేవాడట. దాని మధ్యలో రోజూ ఒక మాట అనేవాడు, మాకెవరికీ తెలీని భాష, మా చర్చి ఫాదర్ గారు అది మీ దేశపు ప్రార్థన అయ్యుంటుందన్నారు, దాని అర్థమేంటో చెప్తారా, మేమూ నేర్చుకుంటాం అని రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట రాసి పంపింది. మీ తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివారు. "కాస్త మజ్జిగ పొయ్యండి."

రోజూ భోజనం ఆఖర్న మా అత్తగారిని అడిగే మాటే అది. మీ తాతయ్య కాగితం మడిచి, "శ్యామలా, ప్రార్థనే అని రాసేద్దాం. మజ్జిగ అడిగాడు, మీరెవరూ ఇవ్వలేదు అని ఆ పిల్లకి ఎలా చెప్తాం?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన జన్మంతా ఉన్నదున్నట్టు చెప్పుకోడానికే పడ్డ మనిషి, ఆయన మాటని మనం మార్చకూడదన్నాను. మజ్జిగనే రాయించాను. ఎలా చేస్తారో, ఎందులో పోస్తారో అన్నీ రాయించాను.

ఆ పిల్ల జవాబు రాసింది. ఒక్కటే ముక్క. "తెలిసుంటే పోసేవాళ్ళం కదా" అని.

...

ఆ పాలు గోరువెచ్చగా అయ్యాయేమో చూడవే. తోడెయ్యాలి.